నార్సింగి అమ్మాయి తీసేసిన మాటలు

మొన్న ఆదివారం బాచుపల్లిలో మా అక్క వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. ఏడో తరగతి చదువుతున్న అక్క మనవరాలు నా పక్కన చేరి, "అవ్వా, ఈయన ఎవరో తెలుసా నీకు?" అంటూ ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. కళ్ళజోడు సర్దుకుని చూశాను. జుట్టుకు వెండిరంగు వేసుకుని, వయసు కనపడకుండా ముఖానికి దట్టంగా పూత పూసుకున్న ఒక కొరియా మనిషి, ఇంగ్లీషులో గబగబా మాటలు అల్లుతూ పాడుతున్నాడు. తినబోతున్న ఓళిగను, అదే బొబ్బట్టును, మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాను. ఆ మనిషి బతుకంతా ఒకప్పుడు నాకు కంఠతా వచ్చు. దాని మీద పరీక్ష రాసి గట్టెక్కి, నా కింద పనిచేసేవాళ్ళకు పాఠం కూడా చెప్పాను. మన తరం వాళ్ళు తొలి కొలువుల సంగతులు తలుచుకుని మురిసిపోతుంటారు. నాకు మాత్రం ఆ రోజులు గుర్తొస్తే అసహ్యమే ముందు వస్తుంది, అందులో సగానికి పైగా నా మీద నాకే.

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న రోజులవి. మాది కర్నూలు వైపు పల్లె. మా ఆయన ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి బోరబండలో కిరాయికి ఉండేవాళ్ళం. అప్పటికి నాకు నలభై దాటాయి. బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి చెప్పి గొంతు అరిగిపోయాక, తెలిసినవాళ్ళ మాట పట్టుకుని మాదాపూర్‌లో అద్దాల మేడలో ఉన్న ఒక కంపెనీలో చేరాను. సాఫ్ట్‌వేర్ అని చుట్టాలందరికీ చెప్పుకున్నాం గానీ, అక్కడ చేసే పనేమిటో ఎవరికీ విప్పి చెప్పలేదు. పాటగాళ్ళకూ నటులకూ ఉండే అభిమానుల సైట్లలో జనం రాసే కామెంట్లను ఇంగ్లీషు తర్జుమాలో ఒక్కొక్కటే చదివి, ఉండదగినవి ఉంచి, ఉండకూడనివి తీసెయ్యడం మా పని. తెర మీద కామెంటు, దాని కింద రెండు మీటలు: ఉంచు, తీసెయ్. కొరియా గడియారం మనకంటే ముందు నడుస్తుంది కాబట్టి పొద్దున ఆరింటికల్లా కుర్చీలో ఉండాలి. తెల్లవారుతూనే, ఇంకా కాఫీ రుచి నాలుక మీద ఉండగానే, ముక్కూ మొహం తెలియని వాళ్ళు ముక్కూ మొహం తెలియని ఇంకొకడి తల్లినీ తోబుట్టువునీ తిట్టిన తిట్లు చదవాలి. కాలవలో పూడిక తీసేవాళ్ళకు పనయ్యాక కాళ్ళు కడుక్కునే వీలైనా ఉంటుంది, మాకు అదీ లేదు. ఇంటికొచ్చి పిల్లలకు అన్నం కలిపి పెడుతుంటే ఆ మాటలే చెవుల్లో తిరిగేవి.

మా జట్టుకు అప్పగించింది ఈ పాటగాడి సైటు. పేరెందుకు లెండి. చేరిన వారంలోనే వాడి జీవితచరిత్ర పది పేజీలు చేతికిచ్చి, చదివి పరీక్ష రాయమన్నారు. వాడి అమ్మానాన్నలు కొరియా నుంచి అమెరికా వెళ్ళి ఏదో చిన్న ఊళ్ళో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణం పెట్టుకున్నారు. వీడు అక్కడే పుట్టి, వేలాడే కోట్ల వెనకాల కూర్చుని హోంవర్కు చేసుకుంటూ పెరిగాడు. బడిలో పిల్లలు కంటి కొసలు లాగి చూపించి వెక్కిరించేవారట. పదహారో ఏట సియోల్ నుంచి వచ్చిన ఒక పాటల కంపెనీ వాడి గొంతు విని వెంట తీసుకుపోయింది. తీసుకుపోయి, ఏళ్ళ తరబడి అన్నం కొలిచి పెట్టి, ఫోను లాక్కుని, ఆటా పాటా నేర్పి, ఇంకొందరు కుర్రాళ్ళతో కలిపి ఒక పాటల జట్టులో నిలబెట్టింది. వాడి కొరియా భాష పసిపిల్లవాడి మాటల్లా ఉండడంతో పాట తక్కినవాళ్ళకిచ్చి, వీడికి ఇంగ్లీషులో గడగడా చెప్పే ర్యాప్ వదిలేశారు. పనికిరాదని పక్కన పెట్టిన ఆ ముక్కతోనే వాడు పైకొచ్చాడు. జట్టు చెదిరిపోయాక ఒంటరిగా పాటలు కట్టి, తానే పాడి, దేశదేశాల్లో పేరు తెచ్చుకున్నాడు. అయినా పుట్టినచోట కొరియావాడన్నారు, వెళ్ళినచోట అమెరికావాడన్నారు.

ఇంతలో వాడు ఒక పొరపాటు చేశాడు. ఏదో బహుమతుల సభలో ముసలి గాయకుడొకాయన కప్పు అందిస్తే, ఒక చేతిలో మైకు ఉందని రెండో చేత్తో పుచ్చుకున్నాడు. పెద్దలిచ్చింది రెండు చేతులా అందుకోవడం అక్కడి మర్యాద. అంతే, ఆ వారం మొదలు కామెంట్లు వరదలా వచ్చిపడ్డాయి. బూతులు సరే, అవి మాకు అలవాటే. కానీ మూడింట ఒకటి ఒకే మాట: నీ దేశం పో. నువ్వు మావాడివి కావు, పో.

మా జట్టులో కొత్తగా చేరి, ఇంకా పర్మినెంటు కాని నార్సింగి అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ళ నాన్న పొలం చాలామటుకు రింగు రోడ్డుకు పోయిందట. డిగ్రీ చదివి, ఆ ఇంట్లో మెడలో ఐడీ కార్డు వేసుకున్న మొదటి మనిషి తనే. ఆ కార్డును మంగళసూత్రంలా కళ్ళకద్దుకుని వేసుకునేది. ఆ కొలువు పర్మినెంటయితే తమ్ముణ్ణి ఇంజనీరింగులో చేర్చాలని ఆశ. ఆ పాటగాడి కథ చదివిన రోజునుంచి వాడు తన మేనత్త కొడుకైనట్టు మాట్లాడేది. వరదలా వచ్చిన ఆ పొమ్మనే మాటలన్నింటినీ ఒక్కటీ మిగలకుండా తీసిపారేసింది.

చిక్కేమిటంటే మా నియమావళిలో ఆ మాటకు చోటు లేదు. బూతు ఉంటే తియ్యాలి, చంపుతామంటే తియ్యాలి, ఇంటి చిరునామా రాస్తే తియ్యాలి. పొమ్మనడం అభిప్రాయం కిందికి వస్తుంది కాబట్టి ఉంచాలి. అప్పటికి నన్ను జట్టు పెద్దను చేశారు, వారానికోసారి ఒక్కొక్కరి పని తిరగేసి చూసి, తప్పుగా తీసినదానికల్లా తప్పు వెయ్యాలి. పిలిచి నెమ్మదిగానే చెప్పాను.

ఆ పిల్ల నావైపు వింతగా చూసింది. "గిది అభిప్రాయమా అక్కా? ఒక్కడంటే అభిప్రాయం. రోజూ గింతమంది గదే అంటుంటే మనిషి ఏం గావాలె?" అంది.

జవాబు నాకు తెలుసు. మా వీధి మలుపులో గోడ మీద మాలాంటి సీమాంధ్రవాళ్ళకోసం ఎర్ర రంగుతో రాసిన ఆ పొమ్మనే మాటే చదివి మా చిన్నవాడు, మనం ఎక్కడికి పోవాలమ్మా అని అడిగి ఎన్నాళ్ళో కాలేదు. తప్పు వెయ్యకుండా, ఫారంలో ఎటూ తేలనివాటికోసం ఉన్న 'సందేహం' గడిలో గుర్తు పెట్టి ఊరుకున్నాను. ఆ గడిలో పడ్డవి లెక్కకు రావు. అలా మూడు వారాలు నెట్టుకొచ్చాను.

అప్పట్లో ఊళ్ళకు ఊళ్ళు రోడ్డు మీదికి వచ్చి పొయ్యిలు పెట్టి వండుకుని అక్కడే తిని నిరసన తెలిపేవారు, మీకు గుర్తుండే ఉంటుంది. నార్సింగిలో అలా వండిన రోజు ఆ పిల్ల ఆలస్యంగా వచ్చింది, చేతిలో స్టీలు డబ్బా. తెచ్చి నా ముందు పెట్టి, "జర తినుండ్రి అక్కా, మా అమ్మ కలిపింది. మేం పొమ్మన్నది మా కొలువులు గుంజుకున్న పెద్దోళ్ళను, మిమ్ముల గాదు," అంది. పచ్చిపులుసూ, పప్పన్నమూ. పొగ వాసన వేసింది. రెండు చేతులా అందుకున్నాను. అంత రుచిగల అన్నం ఆ కంపెనీలో ఉన్నన్నాళ్ళూ మళ్ళీ తినలేదు.

మా మేనేజరు కోస్తా వైపు మనిషి. ఎవరితోనైనా అండి, గారు అంటూ వెన్న రాసినట్టు మాట్లాడేవాడు. ఒకనాడు జట్టంతా కలిసి భోంచేస్తుంటే ఆ పిల్ల మాట తీరును ఎత్తుకుని, ఏంది, గిట్లెందుకు, గట్లెందుకు అంటూ చేతులు తిప్పి తిప్పి చూపించాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఏదో మొహమాటానికి కాదు, నాకు నిజంగానే నవ్వొచ్చింది. మా కర్నూలు యాసను చూసి ఇదే మనిషి ఏడాది కిందట నవ్వాడని అప్పుడు నాకెందుకు గుర్తురాలేదో! ఆ పిల్ల కూడా నవ్వింది. మర్నాటినుంచి ప్రతి మాటకూ అండి తగిలించడం మొదలుపెట్టింది, కుదిరినచోటా కుదరనిచోటా. వినలేకపోయేదాన్ని.

ఆ తరవాతి వారం ఒక బంద్ రోజున మా క్యాబును చౌరస్తాలో ఆపారు. కుర్రాళ్ళు కిటికీలోంచి తొంగిచూసి ఎక్కడికని అడిగారు. నేను నోరు తెరిచి రెండు మాటలన్నానో లేదో, నా యాస పట్టేశారు. వెళ్ళిపొమ్మన్నారు, ఆఫీసుకు కాదు, ఊరికి. ఎవరూ చెయ్యి వెయ్యలేదు, రాయి విసరలేదు, ఒకడు నవ్వాడంతే. ఒళ్ళంతా మండిపోయింది. ఆఫీసుకు చేరేసరికి ఆ పిల్ల ఎదురొచ్చి, "ఏమైందండి అక్కా, పరేషాన్ ఉన్నరు?" అంది. ఆమెను దాటుకుని నా కుర్చీలోకి పోయాను. ఆ రోజు ఆమె కొలువు తేల్చే నివేదిక పంపవలసిన రోజు.

ఫారం తెరిచాను. మూడు వారాలుగా సందేహం గడిలో పెట్టినవన్నీ ఒక్కొక్కటే బయటికి తీసి తప్పుల గడిలో వేశాను. ఒక్కోదానికీ ఎదురుగా కారణం రాయాలి. తీసేసిన మాట నియమాలకు విరుద్ధం కాదు, అని రాశాను. మళ్ళీ అదే. మళ్ళీ అదే. ఆ పూట నాకు ఎంతో హాయిగా అనిపించింది. చౌరస్తాలో కుర్రాళ్ళను ఏమీ అనలేక, వాళ్ళ యాసలో మాట్లాడే ఒక్క ఆడపిల్ల నా చేతికింద ఉందని తెలిసి, నియమావళి వెనకాల దాక్కుని కొట్టిన దెబ్బ అది. మేనేజరు చూసి, చాలా శ్రద్ధగా చేశారండి అని మెచ్చుకున్నాడు.

రెండు రోజులకు ఆ పిల్లను పొమ్మన్నారు. ఐడీ కార్డు ఇచ్చెయ్యడానికి నా దగ్గరికే రావాలి. మెడలోంచి తీసి, తాడు చక్కగా చుట్టి బల్ల మీద పెట్టింది. ఏడవలేదు. అండి కూడా అనలేదు. "క్యాబుల మిమ్ముల పొమ్మన్నరని తెలిసింది. ఆళ్ళది తప్పే అక్కా. మరి నన్ను పొమ్మన్నది ఎవలు?" అంది. నేను కార్డు మీది ఫోటో చూస్తూ కూర్చున్నాను. తలెత్తేసరికి ఆమె లిఫ్టు దగ్గరుంది.

నెల తిరగకముందే ఆ పాటగాడు తల వంచి క్షమాపణ చెప్పి, పెట్టె సర్దుకుని అమెరికా వెళ్ళిపోయాడు. అప్పుడు మేలుకున్నారు వాణ్ణి నడిపేవాళ్ళు. నియమావళి మారింది. పొమ్మనే మాట ఏ రూపంలో ఉన్నా తీసెయ్యాలని కొత్త కాగితం వచ్చింది. దాన్ని జట్టుకు చదివి వినిపించే భాగ్యమూ నాదే. ఆమె కూర్చున్న కుర్చీలో కూర్చున్న కొత్త మనిషి, ఇది ముందునుంచీ ఉండాల్సిందే కదా మేడమ్ అంటే, అవునన్నాను.

తరవాత రాష్ట్రం వచ్చింది. నన్నెవరూ పొమ్మనలేదు, నేనూ పోలేదు. అప్పుడు వెక్కిరించిన యాసకే ఇప్పుడు సినిమాహాళ్ళలో ఈలలు పడుతున్నాయి, టిక్కెట్లు కొని ముందు వరసలో నవ్వుతున్నది మేమే. మా మేనేజరు నార్సింగిలో ముప్పయ్యో అంతస్తులో ఇల్లు కొని, పక్కా హైదరాబాదీనని చెప్పుకుంటున్నాడు. ఆ పిల్ల ఊరు ఆ మేడల కింద ఎక్కడుందో వెతికినా దొరకదు. రెండుసార్లు వెళ్ళి వెతికాను. ఆమె పేరు చెప్పి అడిగితే, ఏ టవరండీ అని అడిగారు.

అక్క మనవరాలికి ఈ గొడవలేవీ తెలియవు. పాటగాడు ఎక్కడ పుట్టాడో దానికి పట్టదు, వాడి కోసం కొరియా అక్షరాలు కూడా నేర్చుకుంటోంది. అది చూస్తే కాస్త ప్రాణం కుదుటపడింది. పాట అయ్యాక ఫోను నా చేతికిచ్చి నీళ్ళు తాగడానికి వెళ్ళింది. అలవాటు పోదు కదా, వేలు దానంతటదే కామెంట్ల మీదికి పోయింది. పైనుంచి మూడోది, అదే మాట. నీ దేశం పో.

ఇది అప్పటి మా సైటు కాదు, అయినా దాని మీద నొక్కి ఫిర్యాదు చేశాను. ఇప్పుడు ఆ పని మనుషులు చెయ్యరట, యంత్రమే చూసుకుంటుందట. పిల్ల నీళ్ళు తాగి వచ్చేలోగా జవాబు వచ్చేసింది: ఈ మాట మా నియమాలకు విరుద్ధం కాదు.

నేను రాసిన వాక్యమే. ఆ పిల్ల ఉండి ఉంటే ఎప్పుడో తీసేసి ఉండేది.