దిష్టి గుమ్మడికాయ మీద నా వాదన

మీ గుమ్మానికి ఏం వేలాడాలో తేల్చేది మీరా, మీ ఇంటి ఓనరా?

డెబ్బైల మొదట్లో సైదాబాద్‌లో మేం అద్దెకున్న ఇంటి ఓనర్ ప్రతి అమావాస్యకూ ప్రతి వాటా గుమ్మానికీ బూడిద గుమ్మడికాయ కట్టేవాడు. మమ్మల్ని అడిగేవాడు కాదు. మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా సభల్లో మాట్లాడేవాణ్ణి కాబట్టి, ఒక అమావాస్య మర్నాడు నేను మా కాయను దింపాను. నా భార్య దాన్ని తరిగి, మినప్పిండిలో కలిపి, డాబా మీద వడియాలు పెట్టింది. ఓనర్ మెట్లెక్కి వచ్చి చూశాడు.

"దిష్టికాయ తింటరా? మీరు మనుషులేనా?"

నెల తిరక్కుండా కోర్టు నోటీసు వచ్చింది. నేను ఇంటికి కీడు తెస్తున్నానట, తక్కిన వాటాల వాళ్ళు భయపడుతున్నారట, నన్ను ఖాళీ చేయించాలట!

నా భార్యకు అప్పుడు ఏడో నెల. ఇంకో ఇల్లు వెతకడమంటే మీది ఏ కులం, ఏ దేవుణ్ణి కొలుస్తారు అని అడిగే ప్రతి గడప ముందూ నిలబడటం. నిలబడి, అబద్ధం చెప్పడం. అది నాకు రాదు.

చార్మినార్ దగ్గరుండే ఒక వకీలు కేసు విని నవ్వాడు. "గిదేం లొల్లి అన్నా! తప్పైందని చెప్పి కొత్త కాయ కట్టు. రాజీ చేయిస్త."

"కట్టను."

"అయితే నాతోని కాదు."

నేనే వాదిస్తానని ఇంటికొచ్చి చెప్పాను. "వాదించు," అంది నా భార్య. "కానీ మీటింగుల మాట్లాడినట్టు మాట్లాడకు. గీ కడుపుతోని నేను మూటలు మొయ్య."

ఆమె వద్దన్నదే సరిగ్గా చేశాను. ఓనర్ బోనులో నిలబడ్డాడు, అతన్ని ప్రశ్నించే వంతు నాది. సంస్కరణ సభల్లో ఎదుటి వక్తను ఉతికినట్టే మొదలుపెట్టాను: మూఢనమ్మకం, భయం, బానిసత్వం... జడ్జి పెన్ను కింద పెట్టాడు.

"ఇది సభ కాదు. ప్రశ్న ఉంటే అడగండి, లేకపోతే కూర్చోండి."

"మైకు తెప్పియ్యాల్నా భాయ్?" అన్నాడు ఓనర్ తరఫు వకీలు. అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. కానీ కూర్చుంటే ఇల్లు పోతుంది. కూర్చోలేదు.

"నేను కాయ దింపితే మీకేం కీడు జరిగింది?" అని అడిగాను.

"చెయ్యి విరిగింది. గిదిగో, కట్టు సూడు."

"ఎక్కడ విరిగింది?"

ఓనర్ తన వకీలు వైపు చూశాడు. "మలక్‌పేట గుర్రపు రేసుల కాడ. జనం తోసిన్రు."

"ఆ రోజు మీ సొంత గుమ్మానికి గుమ్మడికాయ ఉందా?"

"ఎందుకుండది! నువ్వు గట్ల చేసినవని రెండు కట్టిన."

ఈసారి నవ్వింది జడ్జి. నా నాలుక మీద పెద్ద ఉపన్యాసమే సిద్ధంగా ఉంది. మింగేశాను. ఇంక అడిగేదేం లేదని చెప్పి కూర్చున్నాను.

కేసు కొట్టేశారు. మా అమ్మాయి ఆ వాటాలోనే పుట్టింది.

నల్లకోటు లేనివాడికి కోర్టులో నోరుండదని మీకెవరు చెప్పారు? ఎవరు చెప్పినా, అలా నమ్మితే వాళ్ళకే లాభం. నోటీసు మీ ఇంటికొస్తే భయపడి ఎవరి రాజీకీ తల ఊపకండి. మీరే చదవండి. వాయిదా రోజు వెళ్ళండి, లేచి నిలబడండి, మీ ఇంటి గురించి మీ నోటితో మీరే అడగండి.