ఎరుపు లేదు

నాకు నోరెక్కువ. వారానికి పద్నాలుగు ఇళ్ళు తిరిగే నర్సుకి ఆ మాత్రం నోరు లేకపోతే పని జరగదు. మంచాన పడ్డ పెద్దవాళ్ళకి బీపీ చూడడం, మూత్రం గొట్టం మార్చడం, ఇంట్లోవాళ్ళకి నాలుగు మాటలు నేర్పి నాలుగు చీవాట్లు పెట్టడం నా ఉద్యోగం. ఇందరిలో ఒక్క చీవాటు కూడా అవసరం పడని మనిషి రంగులాయన ఒక్కడే. ఆయన సంగతే చెప్తాను. చెప్పకుండా లోపల పెట్టుకోవడం నా వల్ల కావడం లేదు.

రంగులాయన నలభై ఏళ్ళు మరుగుతున్న తొట్ల ముందు నిలబడి నూలుకి రంగులు వేశాడు. పని మానేసినా ఆయన కన్ను మానలేదు. మొదటిరోజు గుమ్మంలో నన్ను చూడగానే, "నర్సమ్మా, నీ సంచీకి పట్టీ మార్పించావు కదూ? సంచీ నలుపు వేరు, పట్టీ నలుపు వేరు" అన్నాడు. నాకైతే రెండూ నలుపే.

మేడ మీద రెండు గదులు. పిల్లల్లేరు. భార్యకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. నేను ఆవిణ్ణి పిన్నీ అనేదాన్ని, ఆయన్ని బాబాయ్ అనేదాన్ని. పిన్ని మంచం కిటికీ దగ్గర వేశాడు. దుప్పటి మీద ఒక్క ముడత ఉండేది కాదు. రెండు గంటలకొకసారి గడియారం మోగేది, ఆయన లేచి ఆవిణ్ణి పక్క మార్చేవాడు. "పెళ్ళయిన నాటినుంచి ఈవిడ చెప్పిన వైపుకే తిరిగాను. ఇప్పుడు నేను తిప్పిన వైపుకి ఈవిడ తిరుగుతోంది. లెక్క సరిపోయింది" అనేవాడు. పిన్ని మూతి ఎడంవైపు మాత్రం నవ్వేది.

మొదటిరోజే నేనాయనకి మా ఆఫీసువాళ్ళు అచ్చేసిన కాగితం ఇచ్చాను. మంచాన పడ్డవాళ్ళకి ఒత్తిడి పడ్డ చోట పుళ్ళు లేస్తాయి కదా, అవి రాకుండా ఏం చూసుకోవాలో అందులో ఉంటుంది. రోజూ వీపు, తుంటి, మడమలు చూడాలి, చర్మం ఎర్రబడితే వెంటనే చెప్పాలి అని. ఆయన రెండుసార్లు చదివి అడిగాడు.

"ఎరుపంటే ఏ ఎరుపు, నర్సమ్మా?"

కింద ఆటో ఆగి ఉంది, ఇంకా మూడిళ్ళకి వెళ్ళాలి. "ఎరుపంటే ఎరుపే బాబాయ్. చూస్తే తెలిసిపోతుంది" అనేసి మెట్లు దిగాను.

అక్కడ ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే ఎంత బాగుండేది. మన చామనఛాయ ఒంటిమీద ఎరుపు తేలదు. ముందు నల్లబారుతుంది, వంగపండు రంగు తిరుగుతుంది, ముట్టుకుంటే వేడి తగులుతుంది. ఇది నాకు తెలియదా? ఇరవై ఆరేళ్ళుగా నా వేళ్ళకి తెలుసు. ఆ కాగితం ఎవరి ఒంటిని చూసి రాశారో గానీ, ఇంటింటికీ పంచిపెట్టింది మాత్రం నేనే.

ఆయన ఒక గీతల పుస్తకం కొన్నాడు. ఉదయం పదింటికి కిటికీ తెరిచి, పిన్నిని పక్కకి తిప్పి, ఆ వెలుగులో వీపంతా చూసేవాడు. దీపం కింద రంగు చూస్తే మోసపోతామని వాళ్ళ పనిలో ఒక నియమం. చూసింది చూసినట్టు రాసేవాడు. ప్రతి బుధవారం నేను వెళ్ళేసరికి బల్ల మీద పుస్తకం, పెన్ను సిద్ధంగా ఉండేవి. ప్రతిరోజు రాతా ఒకటే మాటతో మొదలయ్యేది, "ఎరుపు లేదు." ఆ రెండు ముక్కలూ చూసి, కింద "చూశాను" అని రాసి సంతకం పెట్టేదాన్ని. మొదటి నెలలో నేనూ వీపు తిప్పి చూశాను. తర్వాత మానేశాను. అప్పుడే సర్ది పడుకోబెట్టిన మనిషిని మళ్ళీ కదపడం ఎందుకులే అనుకున్నాను, ఇంత జాగ్రత్తగల మనిషి ఉండగా నా అనుమానం దేనికి అనుకున్నాను. నిజం చెప్పాలంటే బద్ధకం కూడా ఉంది.

నాలుగో నెలలో ఒక బుధవారం ఆయన కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు. "వెల్లకిలా పడుకోబెడితే ఈమధ్య ఎడంచేత్తో నా చొక్కా పట్టుకుని వదలడం లేదు నర్సమ్మా."

"ముసలితనంలో ప్రేమ పొంగుకొచ్చింది బాబాయ్, ఏం చేస్తాం" అన్నాను. ఇద్దరం నవ్వాం. పిన్ని నవ్వలేదు. నేనది చూశాను కూడా.

పై బుధవారం గుమ్మంలోనే వాసన తగిలింది. సంచీ పడేసి పిన్నిని తిప్పాను. నడుము కింద, వెన్నెముక చివర, చర్మం పిగిలిపోయి ఉంది. లోపల నలుపు. ఆయన నా వెనక నిలబడి, "రాత్రి బొబ్బ చితికింది. కానీ ఎరుపు రాలేదు, నర్సమ్మా. ఒక్కరోజు కూడా రాలేదు" అంటున్నాడు.

ఆస్పత్రికి బండి వచ్చేలోపు పుస్తకం తీశాను. అప్పుడు చదివాను, లైను చివరిదాకా.

"ఎరుపు లేదు. ఎముక మీద వంగపండు చాయ, బొత్తమంత."

"ఎరుపు లేదు. చాయ ముదిరింది. చెయ్యి పెడితే వేడిగా ఉంది."

"ఎరుపు లేదు. వంగపండులో నలుపు కలిసింది. అంచులు పెరిగాయి. చొక్కా పట్టుకుంది."

దాని కిందే నా అక్షరాలతో "చూశాను" అని ఉంది.

ఆయన నా మొహం చూసి భయపడ్డాడు. "రంగు తప్పు రాశానా?" అన్నాడు.

"లేదు బాబాయ్. మీరు సరిగ్గానే రాశారు. నేనే చదవలేదు."

ఆయన తిడతాడేమోనని చూశాను. తిడితే బాగుండు అనిపించింది. ఆయన పుస్తకం వైపు చూసి, "ఎరుపు వస్తేనే చెప్పమన్నావు కదా, రాలేదు కాబట్టి నేను చెప్పలేదు" అన్నాడు. అంతే. వెళ్ళి పిన్ని దువ్వెన, తువ్వాలు సంచీలో సర్దుకున్నాడు. ఆ తర్వాత ఎన్ని ఏడుపులు ఏడిస్తే మాత్రం ఏం లాభం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఆస్పత్రిలో చచ్చిన కండ కోసి తీశారు. పుండు ఎముక దాకా వెళ్ళిందన్నారు. పన్నెండో రోజున, ఈ వయసులో మానుతుందని చెప్పలేం, ఇంట్లోనే కట్లు మార్చుకోండి అని పంపేశారు. అప్పటినుంచి నా డ్యూటీతో పనిలేకుండా రోజూ వాళ్ళింటికి వెళ్తున్నాను. మొదటిరోజు కట్టు మారుస్తూ చెప్పాను. "లోపల్నుంచి ఎర్రగా కొత్త కండ రావాలి బాబాయ్. ఎరుపు కనబడితే మానుతున్నట్టు."

ఆయన నావైపు తిరిగాడు. "ఇన్నాళ్ళూ ఎరుపు రాకూడదన్నావు."

"అవును."

"ఇప్పుడు రావాలి."

"అవును బాబాయ్."

"ఏ ఎరుపు?"

ఈసారి నేను పారిపోలేదు. ఆయన పాత రేకుడబ్బా తెచ్చి మంచం మీద నూలుపోగులు పరిచాడు. ఎరుపులే పదకొండు. ఒక్కొక్కటీ వెలుగులో పెట్టి చూసి, మానుతున్న పుండు రంగుకి దగ్గరగా ఉన్న పోగు ఏరి ఇచ్చాను. ఆయన దాన్ని కిటికీ ఊచకి కట్టాడు. మర్నాటినుంచి పదింటికి కట్టు విప్పి, ఆ పోగు పక్కన పెట్టి ఆయన చూడడం, రాయడం. "ఎరుపు లేదు. పసుపు, కింద బూడిద రంగు." "ఎరుపు లేదు. నలుపు ఒక మూల మళ్ళీ వచ్చింది." నేను ప్రతి అక్షరం చదివాను. చదివి ఏం చేయగలను? మందు మార్చమని డాక్టరు చుట్టూ తిరిగాను, గాలిపరుపు తెప్పించాను. పిన్ని తిండి తగ్గిపోయింది. చెంచాతో పెట్టిన జావ పెదవి పక్కనుంచి కారిపోయేది. జ్వరం పట్టుకుంది.

ఇంటికొచ్చిన పంతొమ్మిదో రోజు నేను ఆలస్యంగా వెళ్ళేసరికి పదిన్నర, ఆయనే కట్టు విప్పి చూసి మళ్ళీ కట్టేశాడు. పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది.

"ఎరుపు వచ్చింది. కింది మూల, బియ్యపు గింజంత."

చేతులు కడుక్కుని, గ్లౌజులు తొడుక్కుని, కట్టు విప్పాను. కిటికీ బార్లా తెరిచే ఉంది. పోగు పక్కన పెట్టి చూశాను. కింది మూల చూశాను, పైమూల చూశాను, అంచు వెంట అంతా చూశాను. ఎరుపు లేదు. ఎక్కడా లేదు.

ఆయన కిటికీ దగ్గరికి రాలేదు. తలుపు దగ్గర గోడ పట్టుకుని నిలబడ్డాడు. పనిలో ఉన్నన్నాళ్ళూ యజమాని తిట్టినా సరే, లేని రంగు ఉందని అననివాడు. ఆయన పుండు వైపు చూడడం లేదు, నా మొహం వైపు చూస్తున్నాడు.

"ఉంది కదూ?" అన్నాడు.

పిన్ని ఎడంచేయి నా యూనిఫాం చొక్కా అంచు పట్టుకుంది. ఈసారి ఎందుకో నాకు తెలుసు. కట్టు కట్టి, నొప్పి తగలని వైపుకి మెల్లగా తిప్పి, తల కింద దిండు సర్దాను. తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళి, ఆయన రాసిన మాటని మొదట్నుంచి చివరిదాకా చదివి, దాని కింద "చూశాను" అని రాసి సంతకం పెట్టాను.