వంక అవతలి ఆకు

మసూదా పుట్టింది పుంగనూరులో. పెళ్లయ్యాక కుప్పం దగ్గరి ఒక పల్లెకు కాపురానికి వచ్చింది. భర్త ముక్తియార్ కుప్పం రైల్వే స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. పొద్దున పోయినవాడు చీకటి పడ్డాక గానీ ఇల్లు చేరేవాడు కాదు. ఒక్కతే ఇంట్లో కూర్చోలేక మసూదా పక్క వీధిలో పట్టుపురుగులు మేపేవాళ్ల ఇంటికి కూలికి పోసాగింది. ఆకు తరగడం, తట్టలు శుభ్రం చేయడం, జ్వరం పడుకున్న పురుగుల జోలికి పోకుండా ఉండడం అక్కడే నేర్చుకుంది. పాత చర్మం వదిలే ముందు పురుగు మేత మాని, తల ఎత్తి, కదలకుండా ఉంటుంది. దాన్నే అక్కడివాళ్లు జ్వరం అంటారు. కొన్నేళ్లు ఇతరుల పురుగుల్ని మేపాక, డెబ్బై తొమ్మిదిలో, ఈసారి సొంతంగా మేపుతానని భర్తతో చెప్పింది.

ముందు గది ఖాళీ చేసి వెదురు తట్టలు పేర్చారు. మొగుడూ పెళ్లాల పడక వంటింట్లోకి మారింది. ఊరి పక్కన వంక, దానికి అవతల అరెకరం మల్బరీ తోట గుత్తకు దొరికింది. ఆ వంకలో చాలా ఏళ్లుగా నీళ్లు లేవు. ఇసుకలో బండ్ల బాట పడిపోయింది. మసూదాకు అది వంక అన్న ధ్యాసే ఉండేది కాదు. తోటకు పోయే దారి, అంతే.

కార్తీకంలో పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. ఇక గూడు కట్టేదాకా వాటి ఆకలికి అంతు ఉండదు. సరిగ్గా అప్పుడే ఎగువ కొండల్లో పెద్ద వాన కురిసింది. పల్లెలో మాత్రం నాలుగు చినుకులు రాలాయి.

తెల్లవారి గంప ఎత్తుకుని బయల్దేరిన మసూదా ఒడ్డునే నిలబడిపోయింది. బాట లేదు. ఎర్రటి నీళ్లు ఒడ్డుల్ని ఒరుసుకుంటూ, కంపచెట్లను దొర్లించుకుంటూ పోతున్నాయి. హోరులో పక్కమనిషితో కూడా అరిచి మాట్లాడాల్సి వస్తోంది.

ఊరు ఊరంతా అక్కడే ఉంది. ఆడవాళ్లు కొత్తనీళ్లకు పసుపు కుంకుమ చల్లుతున్నారు. రైతు శ్రీనివాసులు పైపంచె ఎగరేస్తూ, “పై చెరువు నిండి మొరవ పోతాండాదంట! ఇప్పట్లో ఆగదు ఈ వంక! మన బావులు బతికినాయి!” అని అరుస్తున్నాడు.

అన్ని నవ్వుల మధ్య మసూదాకు ఏడుపొచ్చింది. ఇంట్లో ఉన్న ఆకు ఒక్క మేతకే వస్తుంది. అయినా ఊరికి ప్రాణం పోస్తున్న నీళ్లను తిట్టడానికి ఆమెకు నోరు రాలేదు.

సంగతి తెలిసి ముక్తియార్ జట్కాతోనే పరిగెత్తుకొచ్చాడు.

“నేను దాటి పోయి ఆకు తెస్తా.”

“నీకు ఈత వచ్చునా?”

“గుర్రానికి వచ్చు గదా.”

“గుర్రమూ వద్దు, నువ్వూ వద్దు. పురుగులు పోతే పోనీ, నువ్వు ఈడనే ఉండు,” అని మసూదా అతని చొక్కా పట్టుకుంది.

పక్కింటి ఎలిజబెత్ మిషన్ ఆసుపత్రిలో ఆయా. ఆ రోజు డ్యూటీ లేక ఆమె కూడా వంక చూడడానికి వచ్చింది. “ఆడ రంగప్ప ఉండాడు సూడు. పిలువు!” అంది. రంగప్ప గొర్రెల మంద వంక అవతల, మల్బరీ తోట పక్కనే ఉంటుంది. మసూదా గొంతు చించుకుని పిలిచింది. అతనికి వినబడలేదు. చివరికి గంపను బోర్లించి ఆడించి చూపింది. తోటవైపు చెయ్యెత్తింది. రంగప్ప కాసేపు అర్థం కాక చూశాడు. తర్వాత తోటలోకి పోయి, రెండు చేతులా పట్టినన్ని కొమ్మలు నరుక్కొచ్చి పైకెత్తాడు.

ఆకు దొరికింది. వంక దాటించేది ఎట్లా?

రంగప్ప కర్రతో ఎగువకు చూపించాడు. కొంచెం పైన రెండు బండల మధ్య వంక ఇరుకవుతుంది. అక్కడ నీళ్ల ఉరవడి ఎక్కువే గానీ వెడల్పు తక్కువ. అందరూ అటు నడిచారు. రంగప్ప నక్కల్ని తోలడానికి వాడే వడిసెల తీసి, రాయికి పురికొస కట్టి విసిరాడు. అది నీళ్లలో పడింది. మళ్లీ విసిరితే పురికొస తెగింది. ఈసారి పురికొసను బండమీద వదులుగా చుట్టలు పరిచి, రాయిని గిరగిరా తిప్పి వదిలాడు. అది అందరి తలల మీదుగా వచ్చి కంపలో పడింది. ముక్తియార్ ముళ్లని చూడకుండా కంపలో దూరి పురికొస అందుకున్నాడు.

ఇవతలివాళ్లు పురికొసకు లావు మోకు కట్టగానే రంగప్ప దాన్ని తనవైపు లాక్కుని చింతచెట్టు కొమ్మకు ముడేశాడు. ఇవతలి కొసను కిందికి, ఒక బండకు కట్టారు. రంగప్ప తాడుకు తగిలించి వదిలిన మొదటి మోపు సగం దూరం జారి నీళ్లలో మునిగింది. “తాడు బిగువు లేదప్పా!” అన్నాడు శ్రీనివాసులు. ముక్తియార్ గుర్రాన్ని జట్కా నుంచి విప్పి తాడుకు కట్టి లాగించాడు. తాడు వీణతీగలా బిగుసుకుంది. రెండో మోపు సర్రున జారి ఒడ్డున పడింది. జనం ఈలలు వేశారు. ఆ తర్వాత మోపు వెనక మోపు వచ్చింది.

ఆకును మసూదా ఇంటి అరుగు మీదికి చేర్చారు. అయితే అదంతా తుంపరకు తడిసింది. తడి ఆకు తింటే పురుగులకు రోగం వస్తుంది. మసూదా ఆ మాట అనగానే ఎలిజబెత్ ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ పట్టుకొచ్చింది. శ్రీనివాసులు భార్య రెడ్డెమ్మ, పసుపు అంటిన చేతులు కొంగుకు తుడుచుకుని ఆకు ముందు కూర్చుంది.

“నీళ్లొచ్చినాయని మేము నవ్వుతా ఉంటే నువ్వు ఏడస్తాంటివా? యాల సెప్పలేదు తల్లీ?”

“అందురూ సంతోషంగా ఉండారు గదక్కా, ఎట్ల సెప్పేది?”

“బాగుండాదిలే నీ వరస. పొడి గుడ్డొకటి ఇట్ల ఇయ్యి,” అని రెడ్డెమ్మ ఒక్కో ఆకూ తుడవసాగింది. చూస్తుండగానే మసూదా ఇంటి అరుగు మీద చోటు లేకుండా ఆడవాళ్లు చేరారు.

మధ్యాహ్నానికి తట్టలన్నిటికీ మేత పడింది. గదంతా పురుగులు ఆకు కొరికే సన్నటి చప్పుడుతో నిండింది. మసూదా గోడకు ఆనుకుని కూలబడింది. ఒక్క తట్ట కూడా పాడుకాలేదు.

మర్నాడూ తాడుమీదే ఆకు వచ్చింది. ఆ మర్నాటికి వంక మోకాలి లోతుకు దిగింది. మసూదా దాటిపోయి రంగప్పను కలిసింది. “నీ చేతికి మొక్కాలన్నా,” అంది.

“మొక్కులు యాలమ్మా? నా గొర్రెలే కోపంగా ఉండాయి, మాకు పెట్టకుండా ఆకంతా యాడికి పంపిస్తివని,” అని నవ్వి, “బాయి సూసినావా?” అన్నాడు. తోట బావిలో నీళ్లు పైమెట్ల దాకా వచ్చి ఉన్నాయి. మసూదా మెట్టుమీద కూర్చుని కాళ్లు ముంచింది.

పురుగులు పండి, గూడు కట్టుకునే వెదురు చంద్రికల మీదికి ఎక్కాయి. గూళ్లు గట్టిగా, పసుపుపచ్చగా దిగాయి. ఎనభైలలో ఆమె ఎన్నో పంటలు తీసింది. ఇంటివైపు ఇంకో తోట పెట్టింది. వంకకు వంతెన కూడా వచ్చింది. మదనపల్లె నుంచి ఆమె చెల్లెలు వజీరాబీ వచ్చి ఆ పని నేర్చుకుని పోయింది. అయినా మసూదా ఇష్టంగా చెప్పుకునేది మాత్రం ఆ మొదటి గూళ్లు కుప్పంలో అమ్మిన రోజు గురించే. ముక్తియార్ ఆమెను హోటల్‌కు తీసుకుపోయి దోసె తినిపించాడు. తిరిగొచ్చేటప్పుడు ఖాళీ గోతాల మీద వాలి ఆమె నిద్రపోయింది. ఇల్లు వచ్చినా అతను లేపలేదు. జట్కాను నీడలోకి తోలి, పక్కనే కూర్చుని బీడీ ముట్టించాడు.