మా గల్లీలో మూడో బల్ల

మా గల్లీలో ఎవరిది ఏ పార్టీ అని అడగనక్కర్లేదు. పొద్దున ఆ ఇంటికి ఎవరి పాలు వస్తాయో చూస్తే చాలు.

గౌలిపురాలో మా గల్లీ చివర ఒకప్పుడు పాలవాళ్ల ఇల్లు ఒకటే ఉండేదట. నేను పుట్టకముందు ఆ ఇంటి అన్నదమ్ములు బర్రెల కొట్టం పంచుకునే దగ్గర కొట్లాడుకొని మధ్యలో గోడ కట్టుకున్నారు. అప్పటికే పెద్దాయన ఒక పార్టీలో తిరుగుతుండేవాడు. గోడ లేచిన నెలలోనే చిన్నాయన రెండో పార్టీ కండువా వేసుకున్నాడు. ఆ పార్టీ ఏం చెబుతుందో ఆయనకు తెలుసని నేననుకోను. అన్న లేని చోటు అదొక్కటే. పాలు పోయించుకునే ఇళ్లు కూడా రెండుగా చీలిపోయాయి. మాది పెద్దాయన వైపు.

నేను ఐదో తరగతిలో ఉండగా టికెట్టు రాలేదని పెద్దాయన తమ్ముడి పార్టీలోకి వెళ్లాడు. వారం తిరగకముందే తమ్ముడు అన్న వదిలేసిన పార్టీలో చేరాడు. గల్లీ మొత్తం కండువాలు మార్చుకుంది. మా బాపు కూడా దుకాణం మీది జెండా దించి ఇంకోటి కట్టాడు.

"అదేంది బాపు, నిన్నటిదాక వాళ్లనే తిట్టినవ్ గదా?"

"మనం పెద్దాయన మనుషులం బిడ్డా" అన్నాడు.

ఆ మాట ఆ రోజే నోటుబుక్కులో రాసుకున్నాను. అర్థమై కాదు, అర్థం కాక.

నాకు మొదటి ఓటు వచ్చిన ఏడాది కార్పొరేషను ఎన్నికల్లో మా టీచర్ స్వతంత్రంగా నిలబడ్డారు. బడిలో నాకు తెలుగు చెప్పి రిటైరైన ఆవిడ. ఇల్లు పక్క వీధిలో. నలుగురిలో నోరు పెగలని నన్ను తన పుస్తకాల బీరువా ముందు కూర్చోబెట్టి, ఏమీ అడగకుండా వదిలేసేవారు. నల్లా నీళ్లలో మోరీ మురుగు కలుస్తోందని ఆవిడ రెండేళ్లు అన్నదమ్ములిద్దరి చుట్టూ తిరిగారు. అన్న తమ్ముడి తప్పన్నాడు, తమ్ముడు అన్న తప్పన్నాడు. ఆఖరికి ఆ ఇద్దరి మీద తనే నామినేషను వేశారు. గుర్తు బకెట్టు.

"నాకేస్తావా?" అని అడిగారు.

"వేస్త టీచర్" అన్నాను. నేను మాటిచ్చింది బహుశా అదే మొదటిసారి.

పోలింగు రోజు పొద్దున బాపు చాయ్ తాగుతూ నా వైపు చూడకుండానే అన్నాడు: "టీచరమ్మ మంచిదే. కాదన్ననా? కానీ ఆమె గెలుస్తదా? ఆమెకేసిన ప్రతి ఓటు మనకు తక్కువైతది. అట్ల చిన్నాయన గెలుస్తడు. ఇగ మన దిక్కు నల్లా సంగతి మర్చిపోవాలె."

మా దగ్గర ఓటుకు పోయేముందు చీటీ తీసుకోవాలి. ఓట్లు వేసే బడికి కాస్త దూరంలో అన్నదమ్ములిద్దరూ చెరొక బల్ల వేయిస్తారు. జాబితాలో మన పేరు వెతికి, నెంబరు రాసి ఇస్తారు. ఎవరు ఏ బల్ల దగ్గర ఆగారో గల్లీ అంతా చూస్తూనే ఉంటుంది. ఆ రోజు మూడో బల్ల కూడా ఉంది. టీచర్ చెల్లెలు గొడుగు పట్టుకొని ఒక్కతే కూర్చుంది. నన్ను చూసి చెయ్యి ఎత్తింది. చేతిలో చీటీ ఉంది, నాదే అయ్యుంటుంది.

బాపు నా పక్కనే నడుస్తున్నాడు. పెద్దాయన కుర్చీలోంచి పిలిచాడు. "రా బిడ్డా, మొదటి ఓటు గదా. మంచిగ చూసి నొక్కు. టీచరమ్మ బకెట్ అయితే పట్టింది గానీ, అండ్ల నీళ్లు మనమే పోయాలె." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బాపు కూడా నవ్వాడు. నేను తల దించుకొని ఆయన బల్ల దగ్గరే చీటీ తీసుకున్నాను.

అప్పటికీ ఏమీ పోలేదు. లోపల అట్ట వెనక నేనొక్కదాన్నే. బకెట్టు కింది నుంచి రెండోది. వేలు దాని దాకా వెళ్లింది. గల్లీలో ఇంకెవరూ వెయ్యరు, నేనొక్కదాన్ని వేసి ఏం లాభం అనిపించింది. పెద్దాయన గుర్తు నొక్కాను.

ఆయన చాలా తేడాతో గెలిచాడు. నా ఓటు లేకపోయినా గెలిచేవాడే.

లెక్కింపు అయిన మూడో రోజు పుస్తకాలు తిరిగిద్దామని టీచర్ ఇంటికి వెళ్లాను. ఆవిడ బియ్యం చెరుగుతున్నారు. నన్ను చూసి చాట పక్కన పెట్టారు.

"మీ బూత్‌లో నాకు ఒక్కటే పడింది" అన్నారు. "మా వాళ్లెవరికీ అక్కడ ఓటు లేదు. అది నీదని చూడగానే తెలిసిపోయింది."

నేను పుస్తకాలు బీరువాలో సర్దడానికి అటు తిరిగాను. నా సంగతి తెలిసిన మనిషి కాబట్టి సిగ్గనుకున్నారు. ఆ ఒక్కటి నాది కాదు. ఆ ఓటు వేసిన మనిషి మా గల్లీలోనే ఎక్కడో ఉంది. తనూ ఏదో ఒక బల్ల దగ్గర చీటీ తీసుకునే ఉంటుంది. ఇంకెవరూ వెయ్యరనుకొని కూడా వేసింది. అలా అనుకొని వెయ్యని వాళ్లం ఎంతమందిమో.

"అందరూ ఇక చాలు అంటున్నారు. చెల్లెలైతే కోప్పడుతోంది" అన్నారు టీచర్. "కానీ నువ్వొక్కదానివి ధైర్యం చేశాక, నేనెట్లా ఇంట్లో కూర్చుంటాను? వచ్చేసారి కూడా నిలబడతాను. అప్పుడు నా బల్ల దగ్గర నువ్వు కూర్చోవాలి. కూర్చుంటావా?"

నిజం చెప్పడానికి నోరు తెరిచాను.

"కూర్చుంట టీచర్" అన్నాను.