ఎముక అంచు కింద మెత్తటి గుడ్డ

మా పెద్ద డాక్టరు పోయినాడని మొన్న పొద్దున కర్నూలు నుంచి ఫోన్ వచ్చింది. కోయిలకుంట్లలో మేము అప్పుడే అంగడి తలుపులు తీస్తున్నాం. మా ఆయన ఫోన్ పెట్టేసి, చొక్కా గుండీలు విప్పుకుని, రొమ్ము మధ్యలో పాత పుండు మానిన గుంట మీద అరచెయ్యి ఆనించుకుని కూర్చున్నాడు. ఆ అలవాటు ఆ డాక్టరు నుంచి వచ్చిందే.

కొన్నేళ్ల కిందట మా ఆయనకు గుండె ఆపరేషన్ జరిగి, కోసిన చోట చీము పట్టింది. కర్నూలుకు తీసుకుపోతే పెద్ద డాక్టరు రొమ్ము ఎముకకు కట్టిన తీగలు తీసేసి, పుండును తెరిచే ఉంచాడు. దాంట్లో స్పాంజి పెట్టి, పైన ప్లాస్టిక్ పొర అంటించి, గొట్టంతో ఒక మిషన్‌కు కలిపాడు. అది చీమును లాగుతా ఉండేది. మంచం పక్కన డబ్బాలోకి ఆ నీచు నీళ్లు దిగుతుంటే నేను మొహం తిప్పుకునేదాన్ని.

ఆ డాక్టరు ఏదీ దాచే మనిషి కాదు. ఇవన్నీ నాకు చెప్పి భయపెట్టాలా అని మొదట్లో శానా కోపం వచ్చింది. స్పాంజి కిందనే గుండె కొట్టుకుంటా ఉంటుందట. మిషన్ లాగే కొద్దీ గుండె కూడా పైకి లేస్తుందట. విడిపోయిన ఎముక అంచులు పగిలిన కుండపెంకు మాదిరి ఉంటాయట. గుండె వాటికి ఒరుసుకుంటే చిరిగిపోతుందట. చదువుకునే రోజుల్లో ఒక మనిషి మాట్లాడతా మాట్లాడతానే అట్లా పోవడం కళ్లారా చూశానన్నాడు.

అందుకే గుండెకూ ఎముకకూ మధ్య మైనం పూసిన జాలీ గుడ్డను మడతలు మడతలుగా పరిచి, రెండు అంచుల కిందికీ దూర్చేవాడు. కట్టు ఎవరు కట్టినా, చివర్లో తనే వేలితో అంచుల కింద తడిమి చూసి, రొమ్ము మీద అరచెయ్యి ఆనించేవాడు.

“నేను చెయ్యి పెట్టనిదే మిషన్ వెయ్యగాకండి” అనేవాడు. చిన్న డాక్టర్లు చాటుగా నవ్వుకునేవాళ్లని నర్సమ్మ చెప్పింది.

మా మరిది బోరు మోటార్లు బాగుచేసేవాడు. ఇంత నిదానంగా లాగితే చీము ఎప్పటికి ఖాళీ అయ్యేది వదినా అని రోజూ సణుగుడే. ఒక మధ్యాహ్నం నేను తాగే నీళ్లకు పోయినప్పుడు, ఎవరికీ చెప్పకుండా మిషన్ జోరు పెంచేశాడు. నేను తిరిగొచ్చేసరికి గొట్టంలో ఎర్రగా పారుతోంది. నర్సమ్మను పిలిచాను. మా ఆయన మాత్రం ఏమీ తెలీక, అట్లా చూస్తావేమే అని నన్నే అడిగాడు.

నర్సమ్మ కేకకు పెద్ద డాక్టరు అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు. ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టుకుని, ఎడమచేత్తో మిషన్ ఆపేశాడు. స్ట్రెచర్ థియేటర్‌లోకి పోయింది. తలుపు మూసుకుంది. బయట మా మరిది గోడకు ఆనుకుని, నేనే జోరు పెంచినా వదినా అన్నాడు. వాణ్ణి కొట్టాలనిపించింది, కానీ చెయ్యి లేవలేదు.

చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చి వాడి పక్కనే బల్ల మీద కూర్చున్నాడు.

“బోరులో కిందుండేది నీళ్లప్పా. ఈడ కిందుండేది గుండె. ఎక్కువ పీకితే అదే పైకొస్తాది.”

తర్వాత నా వైపు తిరిగాడు. “రక్తం పక్క కండ నుంచి వచ్చిందమ్మా, ఆగిపోయింది. ఎముక గాటు గుడ్డ మీద పడుండాది. గుడ్డ లేకుంటే ఆ గాటు యాడ పడేదో...”

మాట పూర్తి చెయ్యలేదు. ఆయన మాట మింగడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నిన్న కడప దగ్గర డాక్టరు సొంతూళ్లో, చర్చి వెనక సమాధుల తోటలో మట్టి చేశారు. మేం ముగ్గురమూ పోయాం. పెట్టెను గుంతలోకి దించుతుండగా కరెంటు వచ్చినట్టుంది, పక్క చేలో బోరు మోటారు దానంతటదే మొదలైంది. మా ఆయన చెయ్యి రొమ్ము మీదికి పోయింది. మా మరిది ఎవర్నీ అడగలేదు, కంచె దాటి పరిగెత్తాడు.

మోటారు ఆగింది. పెట్టె మీద మట్టి పడే చప్పుడు ఒక్కటే మిగిలింది. మా ఆయన చెయ్యి తియ్యలేదు. నేను నా చెయ్యి కూడా దాని మీద పెట్టాను. కింద ఆ గుంట లేస్తా, పడతా ఉండింది.