పట్టుచీరలూ మంచు పారలూ

పోయిన నెల ఒకరోజు తెల్లవారకముందే ఫోన్ మోగింది. ఆ వేళప్పుడు మా ఇంటికి ఫోన్ చేసే మనిషి ఒక్కరే. పక్కింటి అక్కయ్యే అనుకుని, "లేచాం అక్కయ్యా, లేచాం. పారలు తీస్తున్నాం" అన్నాను నిద్రమత్తులో. అవతల బావగారి గొంతు వినిపించింది. "మీ అక్కయ్య పోయిందమ్మా. నిద్రలోనే" అన్నారు. నాకు తోడబుట్టిన అక్కయ్య లేదు. అమెరికాలో ఈ నేపర్‌విల్ వచ్చాక పక్కింట్లో దొరికింది.

ఆవిడ హాస్పిటల్లో మత్తు డాక్టరు. "జనాన్ని నిద్రపుచ్చడం నా ఉద్యోగం, మిమ్మల్ని నిద్రలేపడం నా ఖర్మ" అని పకపకా నవ్వేది. చలికాలంలో వాన వస్తుందని రేడియోలో చెబితే చాలు, మన తెలుగువాళ్ళ ఇళ్ళన్నిటికీ ఫోన్లు వెళ్ళిపోయేవి. మంచు ఎంత పడ్డా ఆవిడకి లెక్కలేదు. ఆ మంచు మీద వాన పడుతుందంటేనే హడావిడి. నైటీ మీద కోటు తగిలించుకుని పెరట్లోకి వచ్చి, గుప్పెడు మంచు తీసి, కొబ్బరి తురుము పిండినట్టు పిండి చూసేది. పొడిపొడిగా రాలిపోతే లోపలికి పోయి కాఫీ పెట్టుకునేది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయో, వీధంతా వినబడేలా ఒకటే కేక: "రండర్రా, కారుతోంది!"

మొదట్లో నాకిదంతా చాదస్తంలాగే కనిపించేది. ఎందుకు కాదో నా శ్రీమంతం రోజున తెలిసొచ్చింది.

తొమ్మిదేళ్ళ కిందట, డెబ్భైల చివర, మేము ఇల్లు కొనుక్కున్న మొదటి చలికాలం అది. నాకు ఏడో నెల. అమ్మ వస్తుందని గంపెడాశ పెట్టుకున్నాను, వీసా రాలేదు. ముక్కు చీదుకుంటూ కూర్చున్న నా దగ్గరికి అక్కయ్య వచ్చింది. "మీ అమ్మ రాకపోతే శ్రీమంతం ఆగిపోతుందా? నేను లేనూ? చలిమిడి నేను చేస్తా, గాజులు నేను తొడుగుతా. నువ్వు ఆ కళ్ళు తుడుచుకుని బేస్‌మెంట్ క్లీన్ చేయించు, చాలు" అంది.

అప్పట్లో మాకు ఇక్కడ గుడీ లేదు, హాలు అద్దెకి తీసుకునే స్తోమతా లేదు. పేరంటమైనా పుట్టినరోజైనా ఇంటి కిందుండే బేస్‌మెంట్లే గతి. అక్కయ్య మా బేస్‌మెంట్లో ముగ్గు పెట్టింది. కుర్చీకి నా పెళ్ళిచీర కప్పింది. పూలు దొరక్క రంగు కాగితాలతో మాలలు కట్టింది. ఎవరో ఇండియా నుంచి వస్తుంటే మట్టిగాజులు తెప్పించింది. ఆ రాత్రి కిందికి దిగి ఆ గది చూసుకుంటే పుట్టింటికి వచ్చినట్టే అనిపించింది.

మర్నాడు పొద్దున్నే వాన. బయట మంచు మోకాళ్ళు దాటి ఉంది. ఆ చప్పుడు మా ఊరి వాన చప్పుడులాగే ఉందని నేను మురిసిపోయాను కూడా. "మంచిదే, మంచంతా కరిగిపోతుంది" అన్నారు మావారు. ఆయన సివిల్ ఇంజనీరు. కారు నిలిపే డ్రైవ్‌వే మీద పడ్డ మంచంతా అప్పటికే ఎత్తి, ఇల్లు కట్టేచోట ఇసక పోసినట్టు మా గోడకి ఆనించి, నేలమట్టంలో ఉండే బేస్‌మెంట్ కిటికీ మునిగేదాకా చక్కగా పేర్చారు. దానివల్ల గోడకి చలి తగలదని ఆయన థియరీ.

చలిమిడి గిన్నెతో వచ్చిన అక్కయ్య ఆ కుప్ప చూసి గుండెలు బాదుకుంది. "ఏమయ్యా, ఊళ్ళకి డ్యాములు కట్టే ఇంజనీరువి, నీ ఇంటి మీదికి నువ్వే చెరువు కట్టుకున్నావేంటయ్యా!"

"వానకి మెల్ట్ అయిపోతుంది కదా అక్కయ్యా."

"అయి ఎక్కడికి పోతుంది? కింద నేలంతా ఫ్రీజ్ అయి రాయిలా ఉంది, చుక్క ఇంకదు. వీధిలో డ్రెయిన్ ఏ మంచు కిందుందో దేవుడికే తెలియాలి. ఈ మంచు వానంతా తాగుతుంది. తాగి తాగి ఒక్కసారే కక్కుతుంది. కక్కేది నీ బేస్‌మెంట్లోనే!"

కిందికి దిగి చూస్తే, కిటికీ అంచు నుంచి సన్నటి ధార అప్పుడే ముగ్గు వైపు వస్తోంది. నేను మెట్ల మీద కూలబడి ఏడుపు అందుకున్నాను. "పైన హాల్లో చేసుకుందాంలే" అన్నారు మావారు బిక్కమొహం వేసుకుని. "నథింగ్ డూయింగ్! ఈ పిల్ల పుట్టిల్లు కింద ఉంది" అంది అక్కయ్య, ఫోన్ అందుకుంటూ. వరసగా అందరికీ ఒకటే మాట: "భోజనాల వేళకి కాదు, ఇప్పుడే రండి. ఉన్న పారలన్నీ పట్టుకురండి. కట్టిన చీరలు మార్చొద్దు, టైమ్ లేదు."

వచ్చారండీ! కంచిపట్టు చీరలు ఎత్తి దోపుకుని, కింద స్నో బూట్లు, పైన మొగుళ్ళ రెయిన్‌కోట్లు. పార లేని ఒకావిడ ఇడ్లీ పిండి కలిపే బేసిన్ తెచ్చింది. మగవాళ్ళు కుప్పని గోడ దగ్గర్నుంచి దూరంగా తోశారు. ఆడవాళ్ళు వీధిదాకా కాలవ తవ్వారు. మంచు కింద ఎక్కడుందో తెలియని డ్రెయిన్ కోసం బావగారు పొడిచి పొడిచి చూస్తుంటే, పార ఇనప మూతకి ఠంగుమని తగిలింది. వికెట్ పడ్డట్టు అరిచారందరూ. నీళ్ళు గుడగుడమంటూ అందులోకి దిగిపోయాయి. ఎదురింటి అమెరికన్ ముసలాయన కిటికీలోంచి చూసి చూసి, ఉండబట్టలేక తన పార తీసుకొచ్చాడు. చలిమిడి తిని, ఇంకొంచెం పెట్టించుకుని మరీ వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నమే కింద, అదే కుర్చీలో నా శ్రీమంతం జరిగింది. ముగ్గు ఒక మూల చెరిగిందంతే. పేరంటాళ్ళందరి ముక్కులూ ఎర్రగా, చీరల అంచులు తడితడిగా. అక్కయ్య గాజులు తొడుగుతుంటే ఆ చేతుల చల్లదనానికి ఒళ్ళు జల్లుమంది. "మీ అమ్మ చేతులు వెచ్చగా ఉంటాయి, నావి ఇంతే. సర్దుకో" అంది. అమ్మ లేదన్న దిగులు ఎటుపోయిందో తెలియదు. నా పెళ్ళిలో కూడా నేనంత సంతోషంగా లేను.

మొన్న ఆవిడ పెద్దకర్మ. బయట మళ్ళీ బోలెడు మంచు, మళ్ళీ వాన వస్తుందని రేడియోలో చెప్పారు. ఈసారి ఎవరికీ ఫోన్లు రాలేదు. అయినా ఆవిడ గుమ్మం దగ్గర చూద్దునుకదా, చెప్పుల పక్కన పారలు, గోడ పొడుగునా పారలు. అందరూ ఎవరికి వాళ్ళే కార్లో వేసుకొచ్చారు.

తీరా చూస్తే, ఆ పొద్దున బావగారు తనే మంచు ఎత్తి, అంతా పట్టుకెళ్ళి బేస్‌మెంట్ కిటికీ మీద, గోడకి ఆనించి పోశారు! "ఎక్కడ పొయ్యాలో ఎప్పుడూ తనే అరిచి చెప్పేదమ్మా. నేనెప్పుడూ బుర్ర పెట్టలేదు" అన్నారు ఆయన, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడి. మావారు మెల్లిగా దగ్గరికి వెళ్ళి, "బావగారూ, చెరువు కట్టుకున్నారేంటండీ" అన్నారు. ముందు నవ్వింది బావగారే. తర్వాత మేమంతా. ఆ నవ్వుల్లోనే కళ్ళు తుడుచుకుంటూ, కొంగులు దోపుకుని పారలు అందుకున్నాం.

శ్రీమంతం నాడు నా కడుపులో ఉన్న పిల్లకి ఇప్పుడు ఎనిమిదేళ్ళు. మా అందరికంటే ముందే పరిగెత్తి కుప్ప దగ్గర నిలబడింది. చేతి గ్లవ్ లాగేసి, గుప్పెడు మంచు తీసి, గట్టిగా పిండింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు మోచేతిదాకా జారాయి. దాని అమెరికా యాసలో, వీధంతా వినబడేలా కేకేసింది:

"రండర్రా, కారుతోంది!"