రైన్ ఒడ్డున నన్ను కొట్టిన చెయ్యి

దెయ్యం కథలంటే నాకు చిన్నప్పటి నుంచీ విసుగే తప్ప భయం లేదు. హాస్టల్లో అమ్మాయిలు లైట్లు తీసేసి చెప్పుకుంటుంటే నేను దుప్పటి ముసుగేసుకుని హాయిగా నిద్రపోయేదాన్ని. చదివింది మైక్రోబయాలజీ. నా భయాలన్నీ నిజంగా ఉన్నవాటి గురించే. పిల్లకి వచ్చే జ్వరం, పొయ్యి మీద కాగే నూనె, వెనక నుంచి చప్పుడు లేకుండా వచ్చే సైకిల్. ఆ రకం భయాలు మాత్రం చాలా ఎక్కువ. ఇంట్లో అందరూ నవ్వుతారు కూడా.

మేము ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఎష్‌బోర్న్‌లో ఉంటాం. మా ఆయనకి ఇక్కడే ఐటీ ఉద్యోగం. ఎయిర్‌పోర్ట్ దగ్గర కాబట్టి వేసవి మొదలైతే మా ఇంటికి చుట్టాలు, స్నేహితులు వస్తూనే ఉంటారు. జర్మనీ చూడటానికి వచ్చేవాళ్ళకి జాగ్రత్తలు చెప్పడం నా పని. పాస్‌పోర్ట్ బ్యాగులో కాదు, ఒంటి మీదే పెట్టుకోండి. పెద్ద స్టేషన్‌లో ఎవరైనా అట్ట చూపించి సంతకం అడిగితే ఆగకండి, మీరు చదువుతుండగానే పర్సు పోతుంది. ఫుట్‌పాత్ పక్కన ఎర్రగా ఉన్నది సైకిళ్ళ దారి, దాని మీద నిలబడి ఫొటోలు దిగొద్దు. ప్లాట్‌ఫామ్ మీద తెల్ల గీత దాటొద్దు, ఆగని రైళ్ళు కూడా అటే పోతాయి. ఆదివారం కొట్లు ఉండవు, మందులు శనివారమే కొనుక్కోండి. ప్రమాదం జరిగితే 112కి ఫోన్ చెయ్యండి, ఇంగ్లీషులో మాట్లాడినా సాయం దొరుకుతుంది.

ఇవన్నీ అయ్యాక చివర్లో ఒకటి చెబుతాను. రైన్ నదిని గట్టు మీద నుంచే చూడండి, కిందికి దిగొద్దు అని. ఎందుకని అడిగితే ఓడలు పోతుంటాయి, ప్రమాదం అంటాను. అది నిజమే. కానీ సగమే నిజం. వచ్చే వారం మా ఆయన స్నేహితుడి కుటుంబం పిల్లలతో వస్తోంది. వాళ్ళావిడ ఈ సాయంత్రం ఫోన్లో అదే ప్రశ్న అడిగింది. పాప నిద్రపోయింది కాబట్టి మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను.

రెండేళ్ళ క్రితం వేసవిలో మా మేనత్త సత్యవతి రాజమండ్రి నుంచి వచ్చింది. మా నాన్నకి చెల్లెలు. బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. మనిషి గట్టిది, మాట అంతకన్నా గట్టిది. గోదావరిలో ఈదుతూ పెరిగింది. కారెక్కిన దగ్గర నుంచి నా జాగ్రత్తలన్నీ ఓపిగ్గా విని, చివరికి అంది.

"ఏవే, నేను జర్మనీ చూడ్డానికొచ్చానా, మిలట్రీలో చేరడానికొచ్చానా?"

ఆ ఆదివారం అందరం రైన్ చూడటానికి వెళ్ళాం. మా ఆయన మమ్మల్ని గట్టు దగ్గర దింపి కారు పెట్టడానికి వెళ్ళారు. ఆ ఏడు వానలు లేక నది బాగా వెనక్కి పోయింది. గులకరాళ్ళ ఒడ్డు వెడల్పుగా బయటపడింది. దూరంగా ఒకటి రెండు కుటుంబాలు దుప్పట్లు పరుచుకుని కూర్చున్నాయి. నదిలోకి చొచ్చుకుపోయిన రాళ్ళ కట్ట మీద ఒక ముసలాయన గాలం వేసుకుని ఉన్నాడు. పట్టపగలు, మంచి ఎండ.

కొత్త నదిని చూస్తే దిగి మూడుసార్లు తల మీద నీళ్ళు చల్లుకోవడం, ఒక నాణెం వెయ్యడం మా వైపు అలవాటు. అత్త చెప్పులు విడిచి చుడీదారు మోకాళ్ళ దాకా మడిచింది. గట్టు మీద బోర్డు ఉంది. ఈదుతున్న మనిషి బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్రగీత.

"అత్తా, దిగకూడదంట. బోర్డు చూడు."

"అది ఈత కొట్టేవాడి బొమ్మే. నీళ్ళు చల్లుకునేవాడి బొమ్మ కాదుగా. నేనేవన్నా దూకుతున్నానా?"

నిజం చెప్పాలంటే నాకూ అంతగా అనుమానం రాలేదు. నీళ్ళు చీలమండల దాకా కూడా లేవు. అడుగున రాళ్ళు స్పష్టంగా కనిపిస్తున్నాయి. మా పాప ఇషికి అప్పుడు నాలుగేళ్ళు. కిండర్‌గార్టెన్‌కి వెళ్ళడం మొదలయ్యాక దానికి ముందు జర్మనే వస్తుంది. "ఇష్ ఆవుఖ్!" అంటూ, తనూ వస్తానని అత్త వెంట పరిగెత్తింది. అత్త దాని మణికట్టు పట్టుకుంది.

"గట్టిగానే పట్టుకున్నాలే. నువ్వు ఫొటో తియ్యి, మీ నాన్నకి పంపిద్దాం."

నది మధ్యలో నిండా సరుకేసుకున్న పొడుగాటి ఓడ ఒకటి పోతోంది. ఇషి దానికి చెయ్యి ఊపింది. నేను ఫోన్ ఎత్తాను.

మొదటి దెబ్బ నా ఎడమ చెంప మీద పడింది. అరచేత్తో, పూర్తి బలంతో. ఫోన్ ఎగిరిపోయింది. నోట్లో పన్ను ముక్క విరిగి నాలుక మీద పడింది. అత్త నా ముందు, నాకు వీపు పెట్టి నిలబడి ఉంది. పక్కకి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

అంతలోనే వెనక నుంచి జుట్టు దొరకబుచ్చుకుని గుంజారు. వెల్లకిలా రాళ్ళ మీద పడ్డాను. పక్కటెముకల్లో తన్ను. ఊపిరి ఆగిపోయింది. ఎవరో తాగినవాడో, మతి తప్పినవాడో అనుకున్నాను. పాప దగ్గరికి వెళ్ళాలన్నది ఒక్కటే తోచింది. లేచి నీళ్ళ వైపు ఉరికాను. మోకాళ్ళ మీద అడ్డంగా దెబ్బ. ఈసారి బోర్లా పడ్డాను. వీపు మీద ఎవరో మోకాలు పెట్టి ఎక్కారు. మెడ వెనక పట్టుకుని నా మొహాన్ని గులకరాళ్ళకేసి రుద్దారు.

ఆ చెయ్యి తడిగా, చల్లగా ఉంది. నా చెయ్యి వెనక్కి పోనిచ్చి గోళ్ళతో రక్కాను. మొహం పక్కకి తిప్పి, చెంప మీదికి జారిన ఆ చేతిని దొరికినంత కొరికాను. బాగా నానిన చర్మంలా నా పళ్ళ కింద అది జారింది. రక్తం రుచి కాదు, బురద రుచి తగిలింది. నేను నీళ్ళ వైపు పాకినప్పుడల్లా తల నేలకేసి కొట్టింది. నేను కదలకపోతే కొట్టలేదు. ఈ సంగతి ఆసుపత్రిలో పడుకున్నాక గానీ నాకు తట్టలేదు.

ఒక కన్ను మాత్రం తెరిచి చూడగలిగాను. ఇషి నా వైపు తిరిగి ఏడుస్తోంది. అత్త కూడా నా అరుపులకి తిరిగి చూస్తోంది. అప్పుడు నా వీపు మీద బరువు తగ్గకుండానే, ఇషి చెయ్యి పైకి లేచింది. పాదాలు నీళ్ళలోంచి లేచాయి. అత్త గావుకేక పెట్టింది. ఇషి ఆమె పట్టులోంచి ఊడి, నా మీదుగా ఎగిరి, నా వెనక రాళ్ళ మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

నది కదిలింది ఆ తర్వాతే.

ఒడ్డున నీళ్ళన్నీ ఒక్కసారిగా వెనక్కి పోయాయి. బరువైన ఓడ పోతుంటే రైన్ అలాగే చేస్తుందట, ముందు లాగుతుంది, తర్వాత కొడుతుంది. మాకు తెలియదు. ఇషి నిలబడిన చోటు, ఇంకా చాలా దూరం, రాళ్ళు తేలాయి. అత్తని కాళ్ళు పట్టి ఈడ్చినట్టు లాక్కుపోయింది. ఆమె తల రాయి రాయికీ తగలడం చూశాను. వెంటనే తిరుగు అల వచ్చి ఆమెని ఎత్తి కట్టకేసి కొట్టింది. ముసలాయన రాళ్ళ మీద బోర్లా పడుకుని, చేపల వల కర్రతో ఆమె మెడ దగ్గర బట్ట తగిలించి పట్టుకున్నాడు. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

నా వీపు మీద బరువు లేదు. లేచి ఇషి దగ్గరికి పరిగెత్తాను.

అత్తకి తుంటి ఎముక విరిగింది, తలకి కుట్లు పడ్డాయి, మణికట్టు తొలిగింది. ఇషికి భుజం దగ్గర ఎముక విరిగింది. దాని జబ్బ మీద అయిదు వేళ్ళూ నీలంగా అచ్చు పడ్డాయి. నా చెంప మీద కూడా అలాగే. డాక్టరు రెండూ చూశాడు. మా ఆయన్ని బయట కూర్చోమన్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు, మిమ్మల్ని ఇంట్లో ఎవరైనా కొడతారా అని.

పాపని ఆ రాత్రి ఇంటికి పంపబోమన్నారు. యూగెండ్‌ఆమ్ట్ నుంచి, అంటే పిల్లల సంరక్షణ చూసే ఆఫీసు నుంచి, మనిషి వస్తుందన్నారు. ఇక్కడ మన తల్లులు పార్కులో కలిస్తే గొంతు తగ్గించి మాట్లాడుకునే పేరు అది. పిల్లకి దెబ్బ తగిలిందంటే ఇక ఇంటికి తిరిగి ఇవ్వరేమోనని మా అందరికీ లోపల భయమే. నాకు పక్కటెముకల నొప్పి కూడా తెలియలేదు. నది దగ్గర దక్కిన పిల్ల ఇక్కడ పోతుందా అన్న దిగులొక్కటే.

వచ్చినావిడ మర్యాదగానే మాట్లాడింది. ఎవరు కొట్టారంది. చూడలేదన్నాను. పట్టపగలు మీ ముందుకొచ్చి కొడితే చూడలేదా అంది. మళ్ళీ చూడలేదనే అన్నాను.

మమ్మల్ని కాపాడింది గాలం వేసుకున్న ఆ ముసలాయనే. అడక్కుండానే పోలీసులకి చెప్పాడు. తల్లి ఒంటరిగా నేల మీద కొట్టుకుంటుంటే మూర్ఛ అనుకున్నానన్నాడు. పిల్ల దగ్గర పెద్దావిడ తప్ప ఎవరూ లేరనీ, ఆవిడ పిల్లని తన వైపే లాగుతోందనీ, పిల్ల మాత్రం ఎదురు దిక్కుకి ఎగిరిందనీ చెప్పాడు. అప్పుడు మా ఆయన ఇంకా పార్కింగ్ దగ్గరే ఉన్నారని అక్కడున్నవాళ్ళు చెప్పారు. డాక్టరు ఆ అచ్చుని కొలిచి, మా ముగ్గురి చేతులూ కొలిచాడు. నా వేళ్ళ కంటే అవి పొడుగు. మా ఆయన వేళ్ళ కంటే, అత్త వేళ్ళ కంటే సన్నం. మర్నాడు పాపని మాకు ఇచ్చేశారు.

అల ముందే వచ్చి మిమ్మల్ని పడగొట్టి ఉంటుంది, దెబ్బ తగిలితే జ్ఞాపకాలు ముందు వెనకలవుతాయి అని డాక్టరు అన్నాడు. నేనూ అలా నమ్మడానికే చూశాను. కానీ అంబులెన్స్ వచ్చేసరికి నా బట్టలు పొడిగా ఉన్నాయి. వీపు మధ్యలోనూ మెడ మీదా మాత్రమే తడి. మా ఆయన స్వయంగా చూశారు.

అత్త మంచం మీద నుంచి నా చెయ్యి పట్టుకుంది.

"నేను వదల్లేదే. ఒట్టు. నా చేతిలోంచి గుంజుకుంది ఎవత్తో. నా పట్టు నీకు తెలుసుగా, దాని ముందు దూది." మళ్ళీ తనే, "అంత బలం ఉన్నది నన్ను కూడా ఓ లాగు లాగొచ్చుగా, ముదనష్టపుది" అంది. ఇద్దరం నవ్వబోయి ఏడ్చాం.

ఇషి దగ్గర మేము ఈ మాట ఎప్పుడూ ఎత్తలేదు. కట్టు విప్పాక ఒక రోజు స్నానం చేయిస్తున్నాను. జబ్బ మీద మచ్చలు పసుపురంగుకి తిరిగాయి.

"అమ్మా, ఆ ఆంటీకి చలేస్తుందేమో" అంది.

"ఏ ఆంటీ?"

"నిన్ను కొట్టిందిగా, ఆవిడ."

కుళాయి కట్టేశాను. నీతో ఏమైనా చెప్పిందా అని అడిగాను.

"నైన్, చెప్పలేదు. నోటి నిండా నీళ్ళున్నాయిగా, ఎలా మాట్లాడుతుంది?" అని, నాకు ఇంత చిన్న విషయం తెలియనట్టు చూసి, బాతుబొమ్మతో ఆడుకోసాగింది.

ఆ తర్వాత దాన్ని ఏమీ అడగలేదు. అడిగే ధైర్యం లేదు. కాపాడటానికి వచ్చిందైతే ఎముకలు విరిగేలా ఎందుకు కొట్టింది? చంపడానికి వచ్చిందైతే పిల్లని ఒడ్డు వైపు ఎందుకు విసిరింది? ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తేలలేదు. ఒక్కటి మాత్రం తెలుసు. ఆ రోజు దాని చేతిలోంచి తప్పించుకోవాలని నా శక్తంతా పెట్టి పోరాడాను. నేనే గెలిచి ఉంటే, పక్క గదిలో ఇప్పుడు ఎవరూ నిద్రపోతూ ఉండరు.